డిగ్రీ జర్నలిజం పిల్లలకు స్కాలర్‌షిప్పులు, క్లాసుకు మైకులు: యాడ అడగాలి, ఎట్టా అడగాలి?

కావలి_క్లాస్‌రూమ్

అందరికీ నమస్కారం. కావలి వైపు ప్రభుత్వ డిగ్రీ కాలేజీలో జర్నలిజం చెబుతున్నాను. క్లాసులో 34 మంది. సగానికి పైగా జలదంకి, కొండాపురం, వరికుంటపాడు పల్లెల నుంచి బస్సులో వచ్చేవాళ్లే. రెండు విషయాల్లో సాయం కావాలి.

మొదటిది పిల్లల చదువు ఖర్చు. ఫోన్లో ‘జర్నలిజం స్కాలర్‌షిప్’ అని వెతికితే ఎడ్ బ్రాడ్లీ స్కాలర్‌షిప్, 10,000 డాలర్లు అని వస్తోంది. పిల్లలు అదే పట్టుకొచ్చి చూపిస్తున్నారు. మన పిల్లలకు నిజంగా అందేవి ఏవి? డిగ్రీలో ఉండగా ఏవి, డిగ్రీ అయ్యాక టీవీ, రేడియో చదువుకి చెన్నై, హైదరాబాదు పోతే ఏవి?

రెండోది క్లాసు. 12 అడుగులకు 14 అడుగుల గది ఒకటి ఖాళీగా ఉంది. బులెటిన్ చదివించి రికార్డు చేద్దామంటే పిల్లల ఫోన్లు తప్ప ఏమీ లేవు. చిన్న స్టూడియోకి ఎవరిని అడగాలి, ఎంత అడగాలి? కమ్యూనిటీ రేడియో పెట్టండని ప్రిన్సిపల్ గారు అంటున్నారు. అది మనకు అయ్యే పనేనా?

సోమశిల_కాలువ

మేడమ్, ముందు ఆ అమెరికా సంగతి తేల్చేద్దాం. ఎడ్ బ్రాడ్లీ స్కాలర్‌షిప్ అక్కడి రేడియో, టీవీ వార్తల సంఘం వాళ్లది. అమెరికా కాలేజీలో చేరి చదివేవాళ్ల కోసం పెట్టింది. బ్రాడ్‌కాస్ట్ ఎడ్యుకేషన్ అసోసియేషన్ ఇచ్చేవి కూడా అంతే, ఆ సంఘంలో సభ్యత్వం ఉన్న క్యాంపస్ పిల్లలకే. కావలిలో కూర్చుని వాటికి వ్యాసాలు రాయించొద్దు.

మన దగ్గర డిగ్రీ స్థాయిలో పిల్లలకు అందే సొమ్ము ‘జర్నలిజం’ అన్న పేరు మీద రాదు. డిగ్రీ చదివే ఎవరికైనా ఇచ్చే పథకాల్లోంచే రావాలి. మూడు దారులు ఉండాయి.

ఒకటి, రాష్ట్రం ఇచ్చే ఫీజు రీయింబర్స్‌మెంట్. ప్రభుత్వం మారినప్పుడల్లా పేరు మారింది. విద్యా దీవెన అన్నా, ఆర్‌టీఎఫ్ అన్నా పని జరిగేది జ్ఞానభూమి పోర్టల్‌లోనే. కుటుంబ ఆదాయం ఏడాదికి 2.5 లక్షల లోపు, హాజరు 75 శాతం. ఇందులో పిల్లలు పోగొట్టుకునేది ఎక్కువగా చేరే రోజునే. కన్వీనర్ కోటాలో వచ్చిన సీటుకే ఇది వర్తిస్తుంది. మేనేజ్‌మెంట్ కోటా, స్పాట్ అడ్మిషన్, దూరవిద్య, వీటికి రాదు. పీజీకి పోయేవాళ్లు ఇంకొకటి చూసుకోవాలి. 2020 డిసెంబరు జీవో 77తో ప్రైవేటు పీజీ కాలేజీలకు ఫీజు రీయింబర్స్‌మెంట్ ఆపేశారు. ప్రైవేటు పీజీ కాలేజీ ఏజెంటు ‘ఫీజు గవర్నమెంటే కడతది’ అంటే, చేరే ముందే సచివాలయంలో వెల్ఫేర్ అసిస్టెంటు దగ్గర ఆ ఏడాది నిబంధన చూపించుకోమనండి.

రెండు, ఎస్సీ పిల్లలకు కేంద్ర పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్. ఆదాయ పరిమితి ఇక్కడా 2.5 లక్షలే. ఖర్చులో కేంద్రం వాటా 60 శాతం, రాష్ట్రం 40. ఫీజు కాకుండా ఏడాదికి ఇంత అని భత్యం ఉంటుంది, అది కోర్సు గ్రూపును బట్టి మారుతుంది. మామూలు బీఏ, బీకాం డిగ్రీలు మూడో గ్రూపు: హాస్టల్‌లో ఉంటే 6,000, ఇంటి నుంచి వస్తే 3,000. మాస్ కమ్యూనికేషన్ పేరుతో ఉన్న వృత్తి కోర్సులు, పీజీలు రెండో గ్రూపు: 9,500, 6,500. కోర్సు పేరు పోర్టల్‌లో ఎట్టా ఎక్కించారన్నది మీ ఆఫీసులో ఒకసారి చూడండి. గుమస్తా తొందరలో ‘బీఏ’ అని కొట్టేస్తే ఆ ఏడాదికి తేడా పోయినట్టే.

మూడోది చాలామంది వదిలేసేది. కేంద్ర ప్రభుత్వ సెంట్రల్ సెక్టార్ స్కాలర్‌షిప్. నేషనల్ స్కాలర్‌షిప్ పోర్టల్‌లో పెట్టుకోవాలి. డిగ్రీ మూడేళ్లూ ఏడాదికి 12,000. ఆదాయం 4.5 లక్షల లోపు ఉండాలి. ఇంటర్లో తన గ్రూపులో 80వ పర్సంటైల్‌కి పైన ఉండాలి. పర్సంటైల్ అంటే మార్కుల శాతం కాదు, వంద మందిలో ఎనభై మంది కంటే పైన ఉండటం. దేశం మొత్తానికి ఏడాదికి 82,000 కొత్తవి, అందులో సగం ఆడపిల్లలకు. రాష్ట్రం వాటాని సైన్స్, కామర్స్, హ్యుమానిటీస్‌కి 3:2:1గా పంచుతారు. ఇక్కడ చూసేది ఇంటర్ గ్రూపునే గానీ డిగ్రీలో తీసుకున్నదాన్ని కాదు. ఎంపీసీ చదివి మీ దగ్గర జర్నలిజం తీసుకున్న పిల్ల సైన్స్ వాటాలో పోటీ పడుతుంది.

ఒక లెక్క చెబుతా. ఈ 12,000 తీసుకుంటే వేరే స్కాలర్‌షిప్ గానీ ఫీజు రాయితీ గానీ తీసుకోకూడదు. ప్రైవేటు కాలేజీలో ఫీజు ఎక్కువుంటే రీయింబర్స్‌మెంటే మేలు. మీది ప్రభుత్వ కాలేజీ, ఫీజే తక్కువ. అట్టాంటి చోట రీయింబర్స్‌మెంట్ వదులుకొని 12,000 ఖాతాలో వేయించుకోవడం చాలామందికి లాభం. బస్ పాసు, ఫోన్ రీచార్జి, ఒక మైకు అందులోనే అయిపోతాయి. ఆదాయం 2.5 లక్షలు దాటి 4.5 లోపు ఉన్న ఇళ్ల పిల్లలకైతే ఆలోచించే పనే లేదు.

సోమశిల_కాలువ

పైన రాయడం మరిచాను, దరఖాస్తులు తన్నేసే చోట్లు ఇవి.

పేరు. పదో తరగతి మెమోలో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, ఆధార్‌లో ఒక్క అక్షరమే ఉంటుంది. నేషనల్ పోర్టల్‌లో ముందు ఓటీఆర్, అంటే ఒకేసారి చేసే రిజిస్ట్రేషన్. ఫోన్లో ముఖం చూపించి ఆధార్‌తో చేస్తారు గనక ఆధార్‌లో ఉన్న పేరే వచ్చి కూర్చుంటుంది. తర్వాత ఇంటర్ మెమోతో కలవదు. ఆధార్ దిద్దించుకోవడం మొదటి పని, దరఖాస్తు రెండో పని.

ఖాతా. బ్యాంకులో ఆధార్ ఇచ్చి ఉండటం వేరు, సొమ్ము పడేందుకు ఆ ఖాతాని ఎన్‌పీసీఐలో, అంటే బ్యాంకు చెల్లింపులు నడిపే జాతీయ సంస్థలో మ్యాప్ చేయించడం వేరు. రెండు మూడు ఖాతాలుంటే చివరగా మ్యాప్ అయినదాంట్లోకే డబ్బు పోతుంది. మై ఆధార్ సైట్‌లో ‘బ్యాంక్ సీడింగ్ స్టేటస్’ నొక్కితే ఏ బ్యాంకో కనపడుతుంది. పూర్తి కేవైసీ లేని చిన్న ఖాతాలకు ఏడాదికి లక్ష జమ, 50,000 నిల్వ, నెలకు 10,000 తీసుకోవడం అని పరిమితులుంటాయి. అట్టాంటి ఖాతా అయితే బ్యాంకుకు పోయి మామూలు ఖాతాగా మార్పించాలి.

కాలేజీ. నేషనల్ పోర్టల్‌లో విద్యార్థి నొక్కగానే పని అయిపోదు. కాలేజీ నోడల్ ఆఫీసరు తన లాగిన్లో ధ్రువీకరించాలి. ఆ సారు బదిలీ అయిపోయి, పాస్‌వర్డు ఎవరి దగ్గరుందో తెలియక గడువు దాటిపోయే కాలేజీలు తక్కువేం కాదు. మేడమ్, ఈ వారమే మీ కాలేజీ లాగిన్ ఎవరి పేరు మీద ఉందో కనుక్కోండి.

రెన్యువల్. రెండో ఏడాది మళ్లీ పెట్టుకోవాలి. 50 శాతం మార్కులు, 75 శాతం హాజరు కావాలి. ఒక సబ్జెక్టు తప్పిన పిల్ల ‘నాకు రాదులే’ అనుకుని మానేస్తుంది. మొత్తం శాతం చూడకుండా మానేయొద్దని చెప్పండి.

గూడూరు_ప్యాసింజర్

డిగ్రీ తర్వాతి సంగతి నేను రాస్తా. ఇక్కడ పిల్లలు చేసే పెద్ద పొరపాటు పీజీకీ, పీజీ డిప్లొమాకీ తేడా చూడకపోవడం. టీవీ చదువు చెప్పే మంచి చోట్లలో కొన్ని డిప్లొమాలే ఇస్తాయి. ఆ చదువు గట్టిదే. ప్రభుత్వ స్కాలర్‌షిప్పుల్లో చాలావాటికి మాత్రం రెండేళ్ల డిగ్రీ కావాలి. యూజీసీ ఇచ్చే జాతీయ పీజీ స్కాలర్‌షిప్పే తీసుకోండి. నెలకు 15,000, ఏడాదికి పది నెలలు, రెండేళ్లు, అంటే మొత్తం 3 లక్షలు. దేశానికి 10,000 మందికి. డిగ్రీ మార్కులే ఆధారం, వయసు 30 దాటకూడదు, రెగ్యులర్ పీజీ మొదటి ఏడాదిలో ఉండాలి. ఎంఏ కమ్యూనికేషన్‌లో చేరినవాళ్లు పెట్టుకోవచ్చు. ఏడాది డిప్లొమాలో చేరితే ఇది ఉండదు.

మన జిల్లాల పిల్లలకు దగ్గరి చోట్లు. తిరుపతిలో పద్మావతి మహిళా విశ్వవిద్యాలయంలో కమ్యూనికేషన్, జర్నలిజం విభాగం ఉంది, ఆడపిల్లలకు హాస్టల్‌తో సహా ఖర్చు తక్కువ. గుంటూరు దగ్గర నాగార్జున, కడపలో యోగి వేమన, విశాఖలో ఆంధ్రా యూనివర్సిటీ. రాష్ట్ర యూనివర్సిటీలకు పీజీసెట్ రాయాలి. రాసి, కౌన్సెలింగ్‌లో సీటు తీసుకుంటేనే ఫీజు రీయింబర్స్‌మెంట్ మాట. స్పాట్‌లో చేరితే పోయినట్టే.

హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీకి సీయూఈటీ పీజీ, అంటే సెంట్రల్ యూనివర్సిటీల ఉమ్మడి ప్రవేశపరీక్ష రాయాలి. దీనికి దరఖాస్తులు డిగ్రీ ఆఖరి ఏడాది చలికాలంలోనే అయిపోతాయి, పరీక్ష మార్చిలో. రిజల్టు వచ్చాక చూద్దాంలే అనుకున్నవాళ్లకు ఒక ఏడాది పోతుంది. ఈ ఒక్క తేదీ మీ నోటీసుబోర్డు మీద అంటించినా పుణ్యమే. ఎస్సీ పోస్ట్ మెట్రిక్ సొంత రాష్ట్రమే ఇస్తుంది గనక తెలంగాణలో చదివినా మన రాష్ట్రానికే పెట్టుకోవాలి. పక్క రాష్ట్రంలో చేరాం గదా, మనకు రాదు అనుకోవడం తప్పు.

ఢిల్లీ ఐఐఎంసీ (ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మాస్ కమ్యూనికేషన్) 1965 నాటిది, 2024లో డీమ్డ్ యూనివర్సిటీ అయింది. రేడియో, టీవీ జర్నలిజం కోర్సు ఉంది గానీ తెలుగు జర్నలిజం కోర్సు లేదు. ఇంగ్లీషు పట్టు ఉన్న పిల్లలనే పంపండి.

మన పిల్లలకు నిజానికి దగ్గర చెన్నై. పొద్దున నెల్లూరులో రైలెక్కితే మూడు గంటల్లో దిగొచ్చు. అక్కడ ఏషియన్ కాలేజ్ ఆఫ్ జర్నలిజం ఉంది. టీవీ విడిగా చెప్పే ఏడాది పీజీ డిప్లొమా. ఫీజు చూసి గుండె ఆగుతుంది. అయితే ఎస్సీ, ఎస్టీ అభ్యర్థులకు, ఆదాయం తక్కువ ఉన్నవాళ్లకు కాలేజే స్కాలర్‌షిప్పులు ఇస్తుంది. అడ్మిషన్ ఫారం వేరు, స్కాలర్‌షిప్ ఫారం వేరు అని గుర్తుంచుకోవాలి. ఫారంలో ఇంటి పరిస్థితి రాయమంటే ‘మేము పేదవాళ్లం’ అని ఒక్క వాక్యం రాస్తే కుదరదు. ఎంతమంది సంపాదిస్తున్నారు, కౌలు ఎంత, అప్పు ఎంత, అక్క ఫీజు ఎంత అని అంకెలు రాయాలి. కాగితాలు జత చేయాలి. కౌలు రైతు ఇంటి పిల్లకు ఆదాయం సర్టిఫికెట్ ఒక్కటే కథ అంతా చెప్పదు.

పత్రికల సొంత స్కూళ్లు ఇంకో రకం. ఈనాడు లాంటివి ఫీజు తీసుకోవు, ఎదురు స్టైపెండ్ ఇస్తాయి. రాతపరీక్షలో తెలుగు వాక్యమే మనిషిని నిలబెడుతుంది. దానికి బదులు కొన్నేళ్లు అక్కడే పనిచేయాలని ఒప్పందం రాయిస్తారు. మధ్యలో మానేస్తే ఎంత కట్టాలో ఆ కాగితంలో ఉంటుంది, సంతకానికి ముందు చదవమనండి.

పెన్నా_ఇసుక

ప్రైవేటువి రెండు చేరుస్తా. రిలయన్స్ ఫౌండేషన్ యూజీ స్కాలర్‌షిప్: డిగ్రీ మొదటి ఏడాది పిల్లలకే, ఇంటర్లో 60 శాతం, కుటుంబ ఆదాయం 15 లక్షల లోపు, 2.5 లక్షల లోపు ఉంటే ప్రాధాన్యం, మొత్తం కోర్సుకి 2 లక్షల వరకు. ఆన్‌లైన్ ఆప్టిట్యూడ్ పరీక్ష తప్పనిసరి. పల్లెలో సిగ్నల్ పోయి పరీక్ష మధ్యలో ఆగిపోతే ఎవరూ ఏమీ చేయలేరు, కాలేజీ ల్యాబ్‌లో కూర్చోబెట్టి రాయించండి. హెచ్‌డీఎఫ్‌సీ బ్యాంకు పరివర్తన్: ఆదాయం 2.5 లక్షల లోపు, 55 శాతం మార్కులు, మామూలు డిగ్రీకి 30,000, మామూలు పీజీకి 35,000. ఇందులో ఇంట్లో ఏదైనా కష్టం వచ్చి చదువు ఆగే పరిస్థితి ఉన్నవాళ్లకు ముందు చోటు.

దరఖాస్తుకు ‘ప్రాసెసింగ్’ అని 500 అడిగేవాడు కనిపిస్తే దూరం జరగండి. పైన చెప్పిన స్కాలర్‌షిప్పుల్లో ఒక్కదానికీ దరఖాస్తు రుసుము లేదు.

గూడూరు_ప్యాసింజర్

అప్పు మాట కూడా రాయాలి. పీఎం విద్యాలక్ష్మి 2024 నవంబరులో వచ్చింది. ఎంపిక చేసిన విద్యాసంస్థల్లో సీటు వస్తే హామీ లేకుండా రుణం. కుటుంబ ఆదాయం 8 లక్షల లోపు ఉంటే 10 లక్షల రుణం వరకు వడ్డీలో 3 శాతం రాయితీ. ముందు ఆ సంస్థ జాబితాలో ఉందో లేదో చూడాలి. లేకపోతే బ్యాంకు మామూలు విద్యారుణం అంటుంది, లెక్క మారిపోతుంది.

చీమకుర్తి_నల్లరాయి

ఇక మీ గది. మేడమ్, ముందు ఒక మాట. ‘మీడియా స్టూడియో’ అని రాసిన ఫైలు ఎవరి బల్ల మీదా కదలదు. స్టూడియో అనగానే పాతిక లక్షలు, ఏసీ, పచ్చతెర గుర్తొస్తాయి. ‘34 మంది విద్యార్థులకు వారానికి రెండు బులెటిన్లు రికార్డు చేసే పాఠ్య సామగ్రి’ అని రాయండి. లక్ష లోపు అడగండి. ఆ సొమ్ముకి సంతకం పెట్టడానికి ఎవరూ భయపడరు.

అడిగే చోట్లు, సులువైనవాటి నుంచి చెబుతా.

కాలేజీలోనే ఉంటాయి. ప్రత్యేక ఫీజు నిధి, సీపీడీసీ (కాలేజీ ప్రణాళిక, అభివృద్ధి మండలి) నిధి. దీనికి కమిటీ తీర్మానం చాలు. 20,000 నుంచి 30,000 దాకా ఇక్కడే తెమలొచ్చు. మొదటి అడుగు ఇక్కడ వేస్తే బయటివాళ్లను అడిగేటప్పుడు ‘కాలేజీ ఇంత పెట్టింది, మిగతాది మీరు ఇవ్వండి’ అనొచ్చు. వినేవాడికి ఆ మాట బాగుంటుంది.

తర్వాత కంపెనీల సీఎస్ఆర్, అంటే సామాజిక బాధ్యత కింద పెట్టే ఖర్చు. కంపెనీల చట్టం 135వ సెక్షన్ ప్రకారం నికర విలువ 500 కోట్లు గానీ, టర్నోవర్ 1,000 కోట్లు గానీ, నికర లాభం 5 కోట్లు గానీ ఉన్న కంపెనీ గత మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం ఖర్చు పెట్టాలి. తను పనిచేసే చుట్టుపక్కలకు ప్రాధాన్యం ఇవ్వాలని చట్టంలోనే ఉంది. కృష్ణపట్నం పోర్టు, దాని చుట్టూ ఉన్న ఫ్యాక్టరీలు మీ జిల్లావే గదా. విద్య అన్నది ఏడో షెడ్యూలులో ఉంది, అందుకని అర్హత గురించి వాదన ఉండదు. అయితే కావలి కంటే పోర్టు పక్కనున్న ముత్తుకూరే వాళ్లకు దగ్గర. ఏటా ఏప్రిల్ నుంచి జూన్ లోపు అడగండి, బడ్జెట్ అప్పుడు తేలుతుంది. మళ్లీ జనవరిలో ఒకసారి గుర్తుచేయండి, మార్చి 31 లోపు మిగిలిపోయిన సొమ్ము ఖర్చు పెట్టాలని వాళ్లు చూస్తుంటారు. డబ్బు అడక్కండి, వస్తువులే కొనివ్వమనండి. ట్రస్టు ద్వారా డబ్బు తీసుకోవాలంటే ఆ ట్రస్టుకి సీఎస్ఆర్-1 నమోదు, ఆదాయపు పన్ను శాఖ ఇచ్చే 12ఏ, 80జీ నమోదులు ఉండాలి. పూర్వ విద్యార్థుల సంఘాలకు ఇవి చాలాచోట్ల ఉండవు, ఫైలు అక్కడే ఆగుతుంది.

ఎంపీ ల్యాడ్స్, అంటే ఎంపీ స్థానిక అభివృద్ధి నిధి. ఎంపీకి ఏడాదికి 5 కోట్లు. ఎంపీ సిఫారసు చేస్తే మంజూరు జిల్లా యంత్రాంగం చేస్తుంది. ఎక్కువకాలం మన్నే వస్తువులకే ఇస్తారు. బ్యాటరీలు, కేబుళ్లు, మరమ్మతులు అందులో రాస్తే కొట్టేస్తారు.

మాలాంటి మండలాలకు ఇంకో దారి ఉంది, డీఎంఎఫ్, జిల్లా ఖనిజ ఫౌండేషన్. గనుల లీజుదారులు కట్టే సొమ్ము, గని ప్రభావం ఉన్న ఊళ్లకే ఖర్చు పెట్టాలి, అందులో విద్య ముందు వరసలో ఉంది. చీమకుర్తి గ్రానైట్, సైదాపురం, గూడూరు వైపు మైకా, క్వార్ట్జ్, ఈ మండలాల కాలేజీలు కలెక్టరేట్‌లో అడగొచ్చు. కావలికి ఇది పట్టదు. ఇది చదివే చీమకుర్తి, సైదాపురం మాస్టర్ల కోసం రాశా.

సొమ్ము వచ్చాక కొనడంలో పాడైపోయేవి ఎక్కువ. ప్రభుత్వ కాలేజీ గనక జెమ్ పోర్టల్‌లో, అంటే ప్రభుత్వ ఆఫీసుల ఆన్‌లైన్ బజారులో కొనాలి. అక్కడ ‘మైక్రోఫోన్ – 2’ అని రాస్తే తక్కువ ధర పలికిన పాటల మైకు వచ్చి పడుతుంది, వద్దనడానికి మీ దగ్గర కారణం ఉండదు. ‘డైనమిక్, కార్డియాయిడ్, ఎక్స్ఎల్ఆర్ కనెక్టర్, లోహపు బాడీ, ఏడాది వారంటీ’ అని రాయాలి. కార్డియాయిడ్ అంటే ముందునుంచి వచ్చే గొంతును ఎక్కువగా పట్టేది, ఎక్స్ఎల్ఆర్ అంటే మూడు పిన్నుల మైకు కనెక్టరు. వచ్చిన రోజే స్టాకు రిజిస్టరులో ఎక్కించాలి. యుటిలైజేషన్ సర్టిఫికెట్, అంటే సొమ్ము దేనికి ఖర్చయిందో చెప్పే కాగితం, ఇచ్చినవాళ్లు అడిగిన నమూనాలో ఇవ్వాలి. మొదటి గ్రాంటుకి ఆ కాగితం ఇవ్వని కాలేజీకి రెండో గ్రాంటు రాదు.

బెత్తెడు_దూరం

పై అన్న చెప్పిన లక్ష లోపు అన్నదానికి నేను వస్తువుల పట్టీ ఇస్తా. ధరలు ఉజ్జాయింపు, జెమ్‌లో అటూ ఇటూ అవుతాయి.

డైనమిక్ మైకులు 2, ఒక్కోటి 2,000 నుంచి 9,000. రెండు ఎక్స్ఎల్ఆర్ ఇన్‌పుట్లున్న యూఎస్‌బీ ఆడియో ఇంటర్‌ఫేస్ 1, దాదాపు 10,000. చెవులు మూసే హెడ్‌ఫోన్లు 2. బల్లకు బిగించే మైకు స్టాండ్లు 2. ఫోనుకి తగిలించే వైరున్న కాలర్ మైకులు 4, ఒక్కోటి వెయ్యి చుట్టూ. ఫోను పట్టే ట్రైపాడ్లు 2. ఎల్ఈడీ ప్యానెల్ లైట్లు 2. బయటి హార్డ్ డిస్కులు 2, ఒకటి పనికి, ఒకటి బీరువాలో. చిన్న యూపీఎస్ 1. కంప్యూటర్ ల్యాబ్‌లో ఉన్నదే వాడండి. సాఫ్ట్‌వేర్‌కి పైసా అక్కర్లేదు: ధ్వనికి ఆడాసిటీ, ప్రత్యక్ష ప్రసారానికి ఓబీఎస్, వీడియో కూర్పుకి డావిన్చీ రిజాల్వ్ ఉచిత వెర్షన్. చివరిది పాత కంప్యూటర్లో నత్తలా నడుస్తుంది, ముందు ఒకటి పెట్టి చూశాకే పట్టీలో రాయండి.

యూఎస్‌బీ కండెన్సర్ మైకు కొనమని ఎవరో ఒకరు చెబుతారు. వద్దు. అది గదిలో ఫ్యానును, వరండాలో మాటలను, హైవే హారన్లను కూడా చక్కగా పట్టుకుంటుంది. పైగా ఒకే కంప్యూటరుకి అట్టాంటివి రెండు పెడితే తిప్పలు. డైనమిక్ మైకు దగ్గరి గొంతునే పట్టుకుంటుంది. నోటికి బెత్తెడు దూరంలో, కొంచెం పక్కకు వంచి పెట్టాలి, ఎదురుగా పెడితే ప, బ, భ దగ్గర గాలి కొట్టి ‘బుప్’ అంటుంది. దీనికి 48 వోల్టుల ఫాంటమ్ పవర్ అక్కర్లేదు, ఆ బటన్ నొక్కకుండా టేపు అంటించండి. రికార్డింగ్ 48 కిలోహెర్ట్జ్. గట్టిగా చదివినప్పుడు ముల్లు మైనస్ 12 డెసిబెల్ దగ్గర ఆడాలి. సున్నాకి తగిలితే ఆ పగులు ఎడిటింగ్‌లో పోదు.

గది. 12 బై 14 చాలు. ఖాళీ గోడలే శత్రువు. గుడ్డు ట్రేలు అంటించేవాళ్లున్నారు, అవి పనిచేయవు, పైగా నిప్పంటుకుంటే ప్రమాదం. చదివేవాళ్ల వెనకా, ఎదురుగా తాడు కట్టి పాత బొంతలు రెండు మడతలు వేలాడదీయండి. గోడకు అంటకుండా నాలుగు వేళ్ల సందు వదిలితే ఇంకా మేలు. కింద జంపఖానా. మన ఎండలకు ఫ్యాను ఆపి రికార్డింగ్ కుదిరేది పొద్దున పదిలోపే, టైంటేబుల్ అట్టా వేయించండి. మధ్యాహ్నం బులెటిన్ పెడితే పిల్లలు చెమటతో చదువుతారు, గొంతులో తెలుస్తుంది.

వీడియోకి ఒక్క మాట. మన కరెంటు 50 హెర్ట్జ్. ఫోను సెకనుకు 30 ఫ్రేముల్లో ఉంటే కొన్ని ట్యూబులైట్ల కింద తెర మినుకుతుంది. 25 ఫ్రేములు, షట్టర్ సెకనులో 50వ వంతు పెడితే పోతుంది.

టంగుటూరు_టవర్

కమ్యూనిటీ రేడియో గురించి ప్రిన్సిపల్ గారికి ఇవి చూపించండి. విద్యాసంస్థలకు అర్హత ఉంది. బ్రాడ్‌కాస్ట్ సేవా పోర్టల్‌లో 2,500 రుసుముతో దరఖాస్తు. ప్రసార శక్తి 100 వాట్ల ఈఆర్‌పీ (యాంటెన్నా నుంచి వెలువడే శక్తి) లోపు, యాంటెన్నా ఎత్తు 30 మీటర్ల లోపు, వినపడేది పది పదిహేను కిలోమీటర్లు. స్పెక్ట్రమ్, టవర్ అనుమతులు వేరే విభాగాల నుంచి రావాలి. 2024 మార్గదర్శకాలతో అనుమతి కాలం 10 ఏళ్లు, గంటకు 12 నిమిషాల ప్రకటనలు, 10 సెకన్లకు 74 రూపాయలు. కార్యక్రమాల్లో సగం స్థానికంగా తయారైనవి ఉండాలి. సొంత వార్తలు చదవకూడదు, ఆకాశవాణి వార్తలను యథాతథంగా ప్రసారం చేయొచ్చు.

ఆ చివరి వాక్యమే జర్నలిజం క్లాసుకి అడ్డు. మీ పిల్లల బులెటిన్ అందులో పోదు. రైతుల మాటలు, ఆరోగ్యం, పాటలు పోతాయి. పరికరాలకు కేంద్రం కొంత సాయం చేసినా, రోజూ నడిపే మనుషుల జీతం మీదే. రెండో ఏడాదికి మూగబోయే స్టేషన్లు అక్కడే ఆగుతాయి. ముందు వరండాలో వైరు లాగి స్పీకర్లు పెట్టి, విరామంలో పది నిమిషాల క్యాంపస్ బులెటిన్ నడపండి. దానికి లైసెన్సు అక్కర్లేదు. ఆన్‌లైన్లో దొరికే చిన్న ఎఫ్ఎం ట్రాన్స్‌మిటర్ కిట్ మాత్రం ముట్టుకోవద్దు, లైసెన్సు లేకుండా గాల్లోకి వదిలితే నేరం.

పొదిలి_హైస్కూల్

మధ్యలో దూరుతున్నా. మా హైస్కూల్లో బాల రేడియో పెట్టాలని ఉంది. స్కూల్ గ్రాంటులో మైకు కొనొచ్చా?

చీమకుర్తి_నల్లరాయి

సార్, సమగ్ర శిక్ష కాంపోజిట్ గ్రాంటు 250 మంది దాటి 1,000 లోపు ఉన్న బడికి 75,000, 100 నుంచి 250 వరకు 50,000. కరెంటు బిల్లు, సుద్దముక్కలు, మరమ్మతులు అన్నీ అందులోనే, పదిశాతం పారిశుధ్యానికి పోవాలి. ఒక మైకు, ఒక స్పీకరు ‘బోధనోపకరణాలు’ కింద ఎస్ఎంసీ (బడి యాజమాన్య కమిటీ) తీర్మానంతో కొనొచ్చు. అంతకు మించి అడిగితే హెడ్మాస్టరు మొహం మారుతుంది. ప్రార్థన మైకే వాడుకోండి, ముందు పిల్లలను చదవడానికి అలవాటు చేయండి.

సోమశిల_కాలువ

గూడూరు అన్న రాసినదానికి చిన్న చేర్పు. సెంట్రల్ సెక్టార్ స్కాలర్‌షిప్ పీజీలో ఏడాదికి 20,000 అవుతుంది. అది డిగ్రీలో ఇదే తీసుకున్నవాళ్లకు కొనసాగింపుగా వచ్చేది. పీజీలో కొత్తగా పెట్టుకోవడానికి లేదు. మొదటి ఏడాదిలో వదిలేసిన పిల్లకు అయిదేళ్ల సొమ్మూ పోయినట్టే.

కావలి_క్లాస్‌రూమ్

అందరికీ ధన్యవాదాలు. కాలేజీ లాగిన్ సంగతి కనుక్కున్నాను, అనుకున్నట్టే బదిలీ అయిన సార్ పేరు మీదే ఉంది. మార్పించే పని మొదలైంది. ఒక్క సందేహం మిగిలింది. ఎస్సీ పిల్లలు కొందరి ఖాతాలో పోస్ట్ మెట్రిక్ సొమ్ము పడింది. అది భత్యం అనుకుని ఇంట్లో వాడేశారు. ఇప్పుడు ఆఫీసులో ఫీజు బాకీ అంటున్నారు. ఎవరిది తప్పు?

సోమశిల_కాలువ

తప్పు ఎవరిదీ కాదు మేడమ్, మెసేజ్‌లో ‘స్కాలర్‌షిప్’ అని మాత్రమే వస్తుంది. కేంద్రం తన 60 శాతం నేరుగా పిల్లల ఖాతాలోకే వేస్తుంది, అందులో భత్యంతో పాటు ఫీజు వాటా కూడా ఉంటుంది. జ్ఞానభూమి లాగిన్‌లో ఆ విద్యార్థి మంజూరు వివరాలు తెరిస్తే ఫీజు ఎంత, భత్యం ఎంత అని విడిగా కనపడుతుంది. అది ప్రింటు తీసి ఒక్కొక్కరికి ఇవ్వండి. బాకీని రెండు మూడు వాయిదాల్లో కట్టేట్టు ప్రిన్సిపల్ గారి పేరున అర్జీ రాయించండి. పరీక్ష ఫీజు కట్టే తేదీకి ముందే రాయించాలి, తర్వాత అయితే హాల్‌టికెట్ దగ్గర పేచీ వస్తుంది.